డొక్కా సీతమ్మ పేరు సరే, వంటమ్మ కూలి మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లల పళ్లెంలో పడే అన్నానికి 2024 నుంచి ఒక కొత్త పేరుంది: డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. అంతకు ముందు నాలుగేళ్లకు పైగా అదే అన్నాన్ని జగనన్న గోరుముద్ద అన్నారు. అధికారంలో ఉన్న నాయకుడి పేరు తీసి, వందేళ్ల కిందట చనిపోయిన ఒక గోదావరి స్త్రీ పేరు పెట్టడం మంచి పనే. బడి అన్నం ఎవరి సొంత సొమ్మూ కాదని పిల్లలకు తెలియాలి.

పేరు మారింది. ఆ అన్నం వండే ఆడవాళ్ల బతుకు మాత్రం ఉన్నచోటే ఉంది. పైగా సీతమ్మ పేరుతో పాటు సేవ, త్యాగం, మాతృహృదయం అనే మాటలు కూడా వాళ్ల మీదికి వచ్చి కూర్చున్నాయి. కూలి అడిగే నోటికి ఈ మాటలు అడ్డం పడుతున్నాయి. అందుకే సీతమ్మ జీవితాన్ని మేము మరోసారి చదవాలనుకున్నాం. ఆమెను తగ్గించడం మా ఉద్దేశం కాదు. ఆమె చేసినది ఏమిటో, ఏ పరిస్థితుల్లో చేసిందో, ఇవాళ బడి వెనక పొయ్యి దగ్గర నిలబడ్డ స్త్రీ చేస్తున్నదానికీ దానికీ తేడా ఎక్కడుందో చూడటం మా ఉద్దేశం.

బువ్వన్న కూతురు

సీతమ్మ 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. ఇంటికొచ్చినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టేవాడని తండ్రిని ఊళ్లో బువ్వన్న అని పిలిచేవారట. కూతురికి ఆ గుణం పుట్టింటి నుంచే వచ్చిందని ఆమె కథ చెప్పే వాళ్లందరూ అంటారు.

ఆమె బాల్యం గోదావరి జిల్లా రూపురేఖలు మారిపోతున్న కాలంలో గడిచింది. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. పని మొదలైనప్పుడు సీతమ్మకు ఆరేళ్లు, ముగిసేనాటికి పదకొండు. అంతకు ముందు వరదొస్తే మునిగి, వాన తప్పితే ఎండిపోయిన నేల, కాలవలు వచ్చాక వరి చేలుగా మారింది. గాదెలు నిండాయి. ఆంధ్రదేశపు అన్నపు గిన్నె అన్న పేరు డెల్టాకు వచ్చింది.

గాదెలు ఎవరివి, వాటిని నింపింది ఎవరు అన్నది వేరే ప్రశ్న. ఆనకట్టకు మట్టి మోసింది, కాలవలు తవ్వింది కూలిజనం. డెల్టా చేలల్లో దుక్కి దున్నింది, నాట్లు వేసింది, కోతలు కోసింది, కుప్పలు నూర్చింది ప్రధానంగా మాల మాదిగ పేటల మనుషులు. ఏడాది పొడుగునా పాలేరుతనం చేసినవాడికి జీతం ధాన్యం కొలతల్లో ముట్టేది. పండించిన చేతికి గంజి, భూమి ఉన్న చేతికి గాదె. ఆ కాలపు ఏ అన్నదానం గురించి మాట్లాడినా ఈ లెక్క మనసులో ఉంచుకోవాలి. దానం చేసినవాళ్ల గాదెలోకి ధాన్యం తనంతట తాను నడిచి రాలేదు.

లంకల గన్నవరంలో

సీతమ్మకు లంకల గన్నవరం వాసి డొక్కా జోగన్నతో పెళ్లయింది. జోగన్న పంతులు ఒక సభ నుంచి తిరిగివస్తూ మధ్యాహ్నం వేళ మండపేటలో బువ్వన్న ఇంట భోజనానికి ఆగారని, ఆ పిల్ల చురుకుదనం చూసి సంబంధం కలుపుకున్నారని చెబుతారు. ఆయనకు పొలం ఉంది, పాడి ఉంది. అంటే వచ్చినవాళ్లకు వండి పెట్టగల స్తోమత ఆ ఇంటికి ఉంది.

లంకల గన్నవరం ఎక్కడుందో చూస్తే ఆ ఇంటికి అంతమంది ఎందుకు వచ్చారో అర్థమవుతుంది. గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ ఒడ్డున ఉన్న ఊరు అది. ఇవాళ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా, పి.గన్నవరం మండలంలో ఉంది. వైనతేయ మీదుగా కాలవను అవతలి లంకకు దాటించే అక్విడక్ట్‌ను 1850లలో హేగ్ అనే సైనిక ఇంజనీరు ఇక్కడే కట్టించాడు. మనుషులు, బళ్లు దాటడానికి మాత్రం కోనసీమంతా రేవులు, పడవలే దిక్కు. వరద పొంగితే పడవ కదలదు. పొద్దు వాలితే కదలదు. అంతర్వేది నరసింహస్వామి తీర్థానికి పోయేవాళ్లు, పెళ్లివాళ్లు, సంతకు పోయేవాళ్లు, పనికోసం పేట వదిలి పోయేవాళ్లు, అందరూ ఎక్కడో ఒక రేవులో ఆగిపోయేవాళ్లే. హోటళ్లు లేని కాలం. ఆకలేస్తే ఎవరి గుమ్మమో తొక్కాలి.

గుమ్మం తొక్కే హక్కు అందరికీ లేదు. సత్రాలు ఉండేవి, కానీ చాలా సత్రాల్లో వంటా వడ్డనా బ్రాహ్మణులకే. మిగతా కులాలకు దొరికితే బియ్యం దొరికేవి, వండుకోవడానికి చెట్టు కింద చోటు దొరికేది. అంటరానివాళ్లుగా ముద్రపడ్డవాళ్లకు ఆ చోటు కూడా లేదు. ఎవరు ఎవరి చేతి అన్నం తింటారు, ఎవరి పక్కన కూర్చుంటారు అన్నదాని మీదే కులం నిలబడింది. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు సనాతనులు వాడిన ఆయుధం కూడా ఇదే. ఆ పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేశారు, అంటే వాళ్లతో పొత్తు భోజనం మానేశారు. సీతమ్మకు అప్పుడు నలభై ఏళ్లు.

అలాంటి రోజుల్లో, వచ్చినవాళ్ల కులం అడగకుండా, వేళ చూడకుండా సీతమ్మ అన్నం పెట్టారని కోనసీమ గుర్తుపెట్టుకుంది. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగించేవారని చెప్పుకుంటారు. ఒక బ్రాహ్మణ గృహిణి, మడి కట్టుకుని వంట చేయాల్సిన ఇంట్లో, ఈ పని దశాబ్దాల పాటు చేయడం చిన్న విషయం కాదు. నియమాన్ని ఆమె ఎదిరించి మాట్లాడలేదు, పుస్తకం రాయలేదు, సభ పెట్టలేదు. తన వంటింట్లో తాను చేయగలిగింది చేశారు.

దానికి ఉన్న హద్దునూ చెప్పుకోవాలి. దానం ఒకే దిక్కున ప్రవహిస్తుంది. పెట్టే ఇల్లు ఎప్పుడూ పెట్టే ఇల్లే, తీసుకునే చెయ్యి ఎప్పుడూ తీసుకునే చెయ్యే. సీతమ్మ ఇంటి అన్నం పేటలోని మనిషి తినగలడు. పేటలో వండిన అన్నం ఆ ఇంటివాళ్లు తినే రోజు ఆ శతాబ్దంలో రాలేదు. కలిసి భోంచేసినంత మాత్రాన కులం చావదని అంబేడ్కర్ 1936లో కుల నిర్మూలన గ్రంథంలో వాదించారు. కలిసి తినడం కూడా కాదు, ఒకరు పెడితే మరొకరు తినడం దగ్గరే ఆగిపోయిన సమాజానికి ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

వంట అంటే పని

సీతమ్మ గురించి రాసేవాళ్లు ఆమె దయ గురించి రాస్తారు. మేము ఆమె పని గురించి రాయాలనుకుంటున్నాం.

పందొమ్మిదో శతాబ్దంలో యాభై మందికి అన్నం పెట్టడమంటే ఏమిటో ఒకసారి ఊహించండి. మిల్లు లేదు. వడ్లు దంచాలి, చెరగాలి, నూకలు వేరు చేయాలి. నీళ్లు ఏటి నుంచో నూతి నుంచో మోయాలి. వానాకాలంలో కట్టెలు తడవకుండా ముందే దాచుకోవాలి. గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించి ఎసరు పెట్టాలి, సరైన అదనులో గంజి వార్చాలి. అరిటాకులు కోసుకురావాలి. ఎంతమంది వస్తారో ముందు తెలియదు. ఎక్కువ వండితే పారబోయాలి, తక్కువైతే బంతిలో కూర్చున్నవాళ్లు లేచిపోతారు. ఊరగాయ ఏ నెలలో ఎంత పెడితే మళ్లీ మామిడికాయ వచ్చేదాకా సరిపోతుందో లెక్క ఉండాలి. చంటిపిల్లల తల్లికి ఏం పెట్టాలి, జ్వరం నుంచి లేచినవాడికి ఏం పెట్టాలి అన్నది తెలియాలి.

ఇది నైపుణ్యం. సరుకు అంచనా, నిల్వ, శుభ్రత, వేళ, మనుషులను నడపడం, అన్నీ కలిసిన వృత్తి నైపుణ్యం. ఇదే పని ఒక మగవాడు చేసి ఉంటే సమర్థుడైన నిర్వాహకుడు అనేవారు. స్త్రీ చేసింది కాబట్టి అపర అన్నపూర్ణ అన్నారు. దేవత అనగానే ఆ పనికి నేర్చుకోవడం ఉందని, అలసట ఉందని, ఖర్చు ఉందని చూడటం మానేస్తాం. ఆమె ఒక్కతే చేసిందా అన్న ప్రశ్న కూడా ఆగిపోతుంది. వడ్లు దంచిన చేతులు, కట్టెలు కొట్టిన చేతులు, పాకలో పాడి చూసిన చేతులు, ఎంగిలాకులు తీసిన చేతులు కథలో కనబడవు. ఆ కాలపు డెల్టాలో ఆ పనులు ఏ కులాల వాళ్లు చేసేవారో మన పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంతర్వేది దారి, చక్రవర్తి ఆహ్వానం

ఆమె గురించి ఎక్కువగా చెప్పే కథలు రెండు. మొదటిది అంతర్వేది కథ. ఎన్నో ఏళ్లుగా ఇల్లు కదలని సీతమ్మ ఒకసారి స్వామిని చూడాలని ప్రయాణమయ్యారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు, ఎదురుగా వస్తున్న ఒక కుటుంబం మాటలు చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకొంచెం నడిస్తే సీతమ్మ గారి ఇల్లు వస్తుంది, అక్కడ అన్నం తిందాం అని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. సీతమ్మ దర్శనం మానుకుని అక్కడి నుంచే వెనక్కి తిరిగారు, వాళ్లు చేరేలోపు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు.

భక్తులు ఈ కథను మానవసేవే మాధవసేవ అనడానికి చెబుతారు. మాకు ఇందులో మరొకటి కూడా కనబడుతుంది. ఆమెకు సెలవు లేదు. ఒక్కరోజు ఇల్లు వదిలితే ఆ పని చేసే రెండో మనిషి లేని ఏర్పాటు అది. ఒక వ్యక్తి మంచితనం మీద ఊరి ఆకలి ఆధారపడితే, ఆ వ్యక్తికి విశ్రాంతి ఉండదు, ఆ వ్యక్తి లేనినాడు ఆకలికి దిక్కు ఉండదు.

రెండోది చక్రవర్తి కథ. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకు సీతమ్మకు ఆహ్వానం వచ్చిందని, ఆమె రానన్నారని, కనీసం ఫొటో అయినా పంపాలని అధికారులు బతిమాలి తీయించారని, ఆ ఫొటోను వేడుకలో ఒక ఆసనం మీద ఉంచి గౌరవించారని చెబుతారు. ఫొటో తీయించుకోవడం కూడా ఆమెకు ఇష్టం లేదట.

ఈ కథను మనవాళ్లు చాలా గర్వంగా చెప్పుకుంటారు. కానీ అదే సామ్రాజ్యం ఆకలిని ఎలా చూసిందో పక్కన పెట్టి చదవాలి. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోతుంటే, రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనిలో ఉన్న మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో లెక్క కట్టాడు. చాకిరీ చేసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసులోని వైద్యాధికారులే వాదించారు. ఆకలిగొన్నవాడికి బాధ్యత పడాల్సిన రాజ్యం కొలత తగ్గించింది. సొంత గాదె తెరిచిన ఆడమనిషి ఫొటోకు దండం పెట్టింది. తన బాధ్యత వదిలించుకోవాలనుకునే ప్రభుత్వానికి దాతలు ఎప్పుడూ ముద్దొస్తారు.

సీతమ్మ 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. గన్నవరంలో పాత అక్విడక్ట్ పక్కన తర్వాత కట్టిన కొత్తదానికి ఆమె పేరు పెట్టారు.

దానం నుంచి హక్కుకు

ఆమె పోయిన ఎనిమిదేళ్లకు, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆది ఆంధ్ర అనే పేరును ముందుకు తెచ్చింది. అక్కడ అడిగింది అన్నం కాదు. బడిలో చోటు, నూతిలో నీళ్లు, మనిషిగా గుర్తింపు అడిగారు. రాజమండ్రిలో వైద్యం చేసుకుంటూ కవిత్వం రాసిన కుసుమ ధర్మన్న, జయభేరి పత్రిక నడుపుతూ, తెల్లదొరలతో పాటు నల్లదొరతనాన్నీ ప్రశ్నించారు. గోదావరి నేల మీద దళితులు దయను కాక హక్కును అడిగిన గొంతు అది. సీతమ్మ గురించి మాట్లాడే చోట ధర్మన్న గురించి కూడా మాట్లాడాలి. ఇద్దరూ ఈ డెల్టా మనుషులే. ఆకలిని ఒకరు తన ఇంటి గుమ్మం నుంచి చూశారు, మరొకరు వెలివేసిన పేట నుంచి చూశారు.

బడి అన్నం ఈ రెండో దారిలో వచ్చింది. పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అమలు మొదలైంది. అదే కేసులో 2004 ఏప్రిల్ 20న కోర్టు ఇంకో మాట చెప్పింది. వంటవాళ్లు, సహాయకుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని.

ఈ రెండో ఆదేశం మన పాఠకులు గుండెల్లో పెట్టుకోవలసింది. సీతమ్మ కాలంలో జరగనిది అది. పేట స్త్రీ చేతి వంట అన్ని కులాల పిల్లలూ ఒకే వరుసలో కూర్చుని తినడం. అన్నం ప్రవహించే దిక్కును కోర్టు తిప్పింది. తిప్పిన చోటల్లా ప్రతిఘటన వచ్చింది. 2018లో తమిళనాడు తిరుప్పూరు జిల్లాలో, 2021లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత స్త్రీలను బడి వంట నుంచి తప్పించాలని ఆధిపత్య కులాల తల్లిదండ్రులు గొడవ చేసిన సంగతి దేశమంతా చూసింది. తెలుగు నేల మీద ఇది చాలాసార్లు నిశ్శబ్దంగా జరుగుతుంది. పిల్లవాడు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటాడు. వంట ఏజెన్సీ పొదుపు సంఘం పేరు మీద ఒకరికి దక్కుతుంది, పాత్రలు తోమే పని మరొకరికి దక్కుతుంది.

మూడువేల గౌరవం

ఇప్పుడు బడి వెనక పొయ్యి దగ్గరికి వద్దాం. కేంద్ర నిబంధన ప్రకారం 25 మంది పిల్లల వరకు ఒక వంటమనిషి, 26 నుంచి 100 మంది వరకు ఇద్దరు, ఆపైన ప్రతి వందకు ఇంకొకరు. అంటే వందమంది పిల్లలకు ఇద్దరు ఆడవాళ్లు కూరగాయలు తరగాలి, వండాలి, వడ్డించాలి, గిన్నెలు తోమాలి, వంటషెడ్డు కడగాలి. సీతమ్మ కథలో మనం పొగిడే పనులే ఇవన్నీ.

దీనికి 2009లో కేంద్రం నిర్ణయించింది నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని 3000 చేశారు. నెలకు 24 పనిదినాలు వేసుకుంటే రోజుకు 125 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. చెరువులో మట్టి తీసినదానిలో సగం కూడా వందమంది పిల్లలకు వండినదానికి రాదు.

ఆ డబ్బును జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఈ పేరు వెనక ఒక వాదన ఉంది. వీళ్లు ఉద్యోగులు కారు, కార్మికులు కూడా కారు, సమాజసేవకు ముందుకొచ్చిన గౌరవ కార్యకర్తలు అని కేంద్రం పార్లమెంటులో చెబుతూ వస్తోంది. సేవ కాబట్టి కనీస వేతనం వర్తించదట. ఇక్కడికే మేము రావాలనుకున్నాం. సీతమ్మ తన ఇంటి గాదె నుంచి, తన ఇష్టంతో పెట్టారు. వద్దనుకుంటే ఆపగలరు. ఆమె కూలి అడగకపోవడం ఆమె ఎంపిక. బడి వంటమ్మకు గాదె లేదు. ఆ నెల మూడువేలు రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఒకరి ఎంపికను మరొకరి మీద నియమంగా రుద్దితే దాన్ని సేవ అనకూడదు. దానికి రాజ్యాంగంలో వేరే పేరుంది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే ఏషియాడ్ కార్మికుల కేసులో చెప్పింది. అలహాబాద్ హైకోర్టు 2020 డిసెంబరులో ఒక బడి వంటమనిషి కేసులో ఆ మాటనే వర్తింపజేసి, నెలకు 1000 రూపాయలకు పని చేయించడం వెట్టి అని తేల్చింది.

ఇంకో తిరకాసు ఉంది. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. కూరగాయలు, పప్పు, నూనె, పోపు సామాను, గ్యాసు వంటవాళ్లే ముందు కొనాలి. తలకు ఇంత అని లెక్కకట్టి బిల్లు తర్వాత వస్తుంది. కేంద్రం 2025 మే నుంచి పెట్టిన కొలత ప్రాథమిక తరగతుల పిల్లకు 6.78 రూపాయలు, ప్రాథమికోన్నత తరగతులకు 10.17. బిల్లు ఆలస్యమైనప్పుడల్లా కిరాణా కొట్లో అప్పు వంటమ్మ పేరు మీద పెరుగుతుంది. ప్రభుత్వ పథకానికి పేదరాలు పెట్టుబడి పెడుతోంది. అన్నదాత అనే మాట ఎవరికి సరిపోతుందో మీరే చెప్పండి.

శిక్షణ ఎవరికోసం, సంఘం ఎందుకు

2013 జులైలో బీహార్ ఛప్రా ప్రాంతంలో పురుగుమందు కలిసిన బడి అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత దేశమంతా నిబంధనలు గట్టిపడ్డాయి. పిల్లలకు పెట్టే ముందు పెద్దవాళ్లు, అందులో కనీసం ఒక టీచరు, రుచి చూడాలి. వంటవాళ్లకు శుభ్రత మీద, నిల్వ మీద శిక్షణ ఇవ్వాలి. ఆరోగ్య పరీక్షలు చేయించాలి. ఇవన్నీ అవసరమే. పిల్లల ప్రాణం కన్నా ఏదీ ఎక్కువ కాదు.

అయితే మన దగ్గర శిక్షణ అంటే తరచుగా టోపీ పెట్టుకో, ఏప్రాన్ కట్టుకో, గోళ్లు తీసుకో అని చెప్పి పంపించడమే. అది తనిఖీకి పనికొస్తుంది, వృత్తికి పనికిరాదు. టీచరు శిక్షణకు వెళ్తే ఆ రోజు డ్యూటీ కిందే లెక్క, దారిఖర్చులూ వస్తాయి, సర్వీసు పుస్తకంలో నమోదవుతుంది. వంటమ్మకు సర్వీసు పుస్తకమే లేదు. ఇరవై ఏళ్లుగా వందల మంది పిల్లలకు వండిన స్త్రీ, కొత్తగా నిన్న చేరిన స్త్రీ, కాగితం మీద ఒకటే. పని నేర్పు పెరిగితే కూలి పెరగాలి, శిక్షణకు సర్టిఫికెట్ ఉండాలి, శిక్షణ రోజుకు కూలి ఉండాలి, కాలిన గాయాలకు బీమా ఉండాలి. వంటను నైపుణ్యంగా గుర్తించమని అడగడం, కార్మికురాలిగా గుర్తించమని అడగడం వేరువేరు డిమాండ్లు కావు. శిక్షణ ఇచ్చి సేవకురాలు అనడం కుదరదు. అందుకే ప్రభుత్వాలు శిక్షణను పైపైన ముగిస్తాయని మా అనుమానం.

ఈ గుర్తింపు కోసం రెండు దశాబ్దాలుగా పోరాడుతున్నది వంటవాళ్ల యూనియన్లే. సీఐటీయూ అనుబంధంగా రాష్ట్రంలో బడి వంట కార్మికుల సంఘం పనిచేస్తోంది. పెండింగు బిల్లులు, గౌరవ వేతనం పెంపు, రాజకీయ కారణాలతో తొలగింపులు, ఇవే దాని రోజువారీ పోరాటాలు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఊళ్లో కొత్త నాయకుడు వచ్చి వంట ఏజెన్సీని తనవాళ్లకు ఇప్పించుకోవడం గ్రామాల్లో మామూలు తంతు అయింది. ఆ దెబ్బ మొదట తగిలేది వెనక భూమి, బంధుబలం లేని దళిత, బహుజన స్త్రీలకే. 2018లో వంటను పెద్ద కేంద్రీకృత వంటశాలల సంస్థలకు అప్పగించే ప్రయత్నాన్ని కూడా ఈ సంఘాలు ఎదిరించాయి. వంట ఊరి బడి నుంచి పోతే, 2004 నాటి కోర్టు ఆదేశం తెచ్చిన దళిత వంటమనిషి కూడా బడి నుంచి పోతుంది. మేము ఆ పోరాటాన్ని ఉద్యోగాల గొడవగా మాత్రమే చూడకపోవడానికి కారణం ఇదే.

సంఘటితమైతే ఏం జరుగుతుందో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు చూపించారు. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు రాష్ట్రమంతా సమ్మె చేశారు. వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. గౌరవ కార్యకర్తల మీద అత్యవసర సేవల చట్టం ఎందుకు అన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. పని ఆగితే అత్యవసరం, కూలి అడిగితే స్వచ్ఛంద సేవ. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో, అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ, పథకాల్లో పనిచేసే వాళ్లందరినీ కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. అందులో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు మూడు పక్షాలూ ఉన్నాయి. ఆ సిఫారసు ఇంకా అమలు కాలేదు.

పేర్ల లెక్క

చివరగా ఒక మాట. 2022 మేలో కోనసీమ జిల్లాకు డాక్టర్ అంబేడ్కర్ పేరు కలపాలని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, ఆ నెల 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఒక దళిత మంత్రి ఇల్లు కూడా కాల్చారు. 2024లో బడి భోజనానికి సీతమ్మ పేరు పెట్టినప్పుడు రాష్ట్రంలో ఎక్కడా ఒక్క అగ్గిపుల్ల గీయలేదు. ఇద్దరూ గౌరవించదగినవాళ్లే. మరి ఈ తేడా ఎందుకు? అన్నం పెట్టిన చేతిని ఈ సమాజం తేలిగ్గా పూజిస్తుంది. హక్కు అడగమని చెప్పిన వేలు చూస్తే దానికి కోపం వస్తుంది. సీతమ్మ పేరును హక్కు అడిగేవాళ్లకు ఎదురు నిలబెట్టడం ఆమెకు కూడా అన్యాయం. ఆకలితో వచ్చినవాళ్లను కులం అడగని మనిషి ఆమె.

అందుకని విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు మా విన్నపం ఒకటే. మీ ఊరి బడికి వెళ్లండి. పిల్లలెంతమంది, వంటవాళ్లెంతమంది, నిబంధన ప్రకారం సరిపోతున్నారా అడగండి. వంట ఎవరు చేస్తున్నారు, గిన్నెలు ఎవరు తోముతున్నారు చూడండి. 2004 ఏప్రిల్ ఆదేశం ప్రకారం దళిత, ఆదివాసీ స్త్రీలకు ప్రాధాన్యం దక్కిందా, బిల్లు ఎన్ని నెలల నుంచి రాలేదు, చివరి శిక్షణ ఎప్పుడు జరిగింది, ఆ రోజుకు కూలి ఇచ్చారా అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ కాగితాలు వంటవాళ్ల సంఘానికి ఇవ్వండి. బడి గోడ మీద సీతమ్మ పేరు రాసి ఉంటే, దాని కింద ఆ రోజు వంట చేసిన వాళ్ల పేర్లు, వాళ్లకు రావలసిన బాకీ కూడా రాయమని హెడ్మాస్టరును అడగండి.